చెరిపాక నడిచిన దూరం

బండి తాళం తిప్పాలి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయకూడదు. స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌లో నన్ను గుచ్చాలి. కోడు చదివి కాగితం మీద రాసుకోవాలి. ఆ కోడు చెప్పిన భాగాన్నీ, దానికి వెళ్లే తీగల్నీ పరీక్షించాలి. తప్పు దొరికితే బాగుచేయాలి. వేడెక్కేదాకా బండి నడిపి చూడాలి. అన్నీ అయ్యాక, ఆఖరున, కోడు చెరపాలి.

నాతోపాటు పెట్టెలో వచ్చిన పుస్తకంలో వరస ఇది. మా షెడ్డులో ఆఖరు పనే మొదటి పని. తరచూ అదొక్కటే పని.

నేను ఒక స్కానర్‌ని. కారు కంప్యూటర్ దాచుకున్న తప్పుల కోడ్లు చదివే యంత్రాన్ని. గాజువాక ఆటోనగర్‌లో కామేశం గారి షెడ్డుకు వచ్చిన రోజున నాకు కొబ్బరికాయ కొట్టి, స్క్రీన్ మూల మీద కుంకుమ బొట్టు పెట్టారు. పుస్తకం మాత్రం ఎవరూ తెరవలేదు, జిలానీ తప్ప. అతను ఐటీఐ చదివిన మెకానిక్.

నా భాష కష్టమేమీ కాదు. ప్రతి కోడుకూ ఒక అక్షరం, నాలుగు అంకెలు. పి అంటే ఇంజిన్, గేర్ల సంగతి. సి అంటే బ్రేకులు, చక్రాల వైపు. బి అంటే బండి ఒళ్లు, లోపలి ఎయిర్‌బ్యాగులు. యు అంటే బండిలోని కంప్యూటర్ల మధ్య మాటలు లేవని. అక్షరం పక్కన సున్నా ఉంటే ఏ కంపెనీ కారుకైనా అర్థం ఒకటే. అయితే ఏ సామాను మార్చాలో నేను చెప్పను. ఎక్కడ వెతకాలో చెబుతాను. వెతకడం మనిషి పని.

మే నెలలో ఒక ఉదయం గొర్లె పోలినాయుడు వచ్చాడు. పరవాడ దగ్గర ఒక మందుల కంపెనీ ఉద్యోగుల్ని తిప్పే కారుకు డ్రైవర్. ఆ కంపెనీ గేటు దగ్గర ఒక రివాజు ఉంది. డ్యాష్‌బోర్డు మీద, ఇంజిన్‌లో తప్పుందని చెప్పే పసుపు లైటు వెలిగితే బండిని వెనక్కి పంపేస్తారు.

"ఏడెక్కితే ఇంజిన్ టక్కున ఆగిపోతంది జిలానీ. ఈ లైటేమో నా మొకంలోకే సూస్తంది."

"అందగాడివి కదా బాబాయ్, సూడదా మరి" అంటూ జిలానీ నన్ను గుచ్చాడు.

పి సున్నా మూడు మూడు అయిదు. క్రాంక్‌షాఫ్ట్ అనే ఇంజిన్ ఇరుసు తిరగడాన్ని కనిపెట్టే సెన్సార్ దారిలో తేడా. ఆ కబురు అందకపోతే ఇంజిన్ ఉన్నచోటే ఆగిపోతుంది. జిలానీ బండి కిందికి దూరి, సెన్సార్ తీగ పైతొడుగు కాలి రాగి బయటపడిందని చెప్పాడు.

"తీగ రేపు సూద్దాం. ముందు సెరిపీ. పదింటికి ఆడు గేటు కాడుండాల" అన్నారు కామేశం గారు.

"లైటారితే రోగం పోదు సార్."

"నువ్వేటి, డాట్రువా? సెరిపీమంటే సెరిపీ."

నొక్కింది జిలానీ వేలు. చెరిపింది నేను. లైటు ఆరింది.

"ఆరిపోనాది! బాగైపోయినట్టే కదా?" అన్నాడు పోలినాయుడు, మొహమంతా నవ్వుతో.

"ఎల్లిరా, ఏటవదు" అన్నారు కామేశం గారు. జిలానీ నన్ను సాకెట్ నుంచి ఊడదీశాడు.

ఆ మధ్యాహ్నం హైవే మీద ఇంజిన్ ఆగిపోయింది. వెనకనుంచి లారీ గుద్దింది. కారులో పోలినాయుడు ఒక్కడే ఉన్నాడు. బతకలేదు. పట్టపగలు కునుకు తీసి రోడ్డు మధ్యలో బండి ఆపేశాడని లారీవాళ్లు పోలీసు కాగితాల్లో రాయించారు.

కారును పోలీస్ స్టేషన్ ఆవరణలో పెట్టారు. తనిఖీ అధికారి దగ్గర స్కానర్ లేదు. మా షెడ్డునుంచే తెమ్మన్నారు. అధికారి రావడానికి గంట ముందే కామేశం గారు నన్ను తీసుకుని వెళ్లారు. తాళం తిప్పగానే ఎడమ ఇండికేటర్ టిక్కుటిక్కుమంది. పోలినాయుడు బండిని పక్కకు తీయాలని వేసిన ఇండికేటర్ అది. నిద్రపోయేవాడు ఇండికేటర్ వేస్తాడా? కామేశం గారు దాన్ని ఆపేశారు. నాలో అదే కోడు మళ్లీ వచ్చింది. దాన్నీ నాచేత చెరిపించారు. ఏ చెయ్యి నొక్కినా నేను కాదనలేను. అంత చదువుండీ నా బతుకు ఇంతే.

అధికారి వచ్చి నన్ను చూశారు. "కోడేమీ లేదు" అని రాసుకున్నారు. నా స్క్రీన్ మీద ఒక్క పేజీ ముందుకు జరిపి ఉంటే నేను చెప్పేదాన్ని. చెరిపాక నడిచిన దూరం: సున్నా కిలోమీటర్లు. హైవే మీద నుజ్జయిన బండి, చెరిపాక ఒక్క గజం కూడా నడవలేదంటే, చెరిపింది ఎప్పుడు? ఆ పేజీ ఎవరూ తెరవలేదు.

పోలినాయుడు భార్య ఎర్రయ్యమ్మ షెడ్డుకు వచ్చి జిలానీ ముందు నిలబడింది.

"ఆయన పగలు కునుకు తీసే మడిసి కాడు బాబూ. బండికేటైందో నీకు తెలుసు. సెప్పు."

జిలానీ చేతిలో నేనున్నాను. నన్ను బల్ల మీద పెట్టి ఇంకో బండి కిందికి దూరాడు. ఆ వారమే షెడ్డు మానేశాడు.

ఇప్పుడు నాకంటే కొత్త స్కానర్ వచ్చింది. దానికీ బొట్టు పెట్టారు. నేను పాత బ్యాటరీల పక్కన పడి ఉన్నాను. నాలో చెరపడానికి ఇంకేమీ లేదు.

చదువుతున్న మిమ్మల్ని అడిగేది ఒక్కటే. గొర్లె పోలినాయుడు అనే డ్రైవర్‌ను గుర్తుపెట్టుకోండి. ఆ మధ్యాహ్నం ఆయన మెలకువగానే ఉన్నాడు.