తేలిక పెట్టె

అబద్ధమాడారు మీరు. మేఘమథనంతో వాన రెట్టింపయిందని గోడగోడకీ కాగితాలంటించిన జలశాఖ పెద్దల్లారా, ఆ లెక్క తప్పని తెలిశాక కూడా వాటిని చింపలేదు. వాన మేమే కురిపిస్తుంటే ఇక పైపులెందుకని మా మెరకవీధి పని ఆపేశారు. మా అక్క ఇంకా బిందె చంకనెత్తుకుని నీళ్లకి పల్లానికి దిగుతూనే ఉంది.

లెక్క ఎలా తప్పిందో చెప్తాను. నాకు చెప్పింది పరాయివాడు కాదు, మా బావ. మబ్బుల్లో కాల్చే మందు గొట్టాలు విమానం రెక్కలకి బిగించేది ఆయనే.

పద్ధతి మంచిదే. గొట్టాల పెట్టెల్లో సగం మందువి, సగం ఉత్తుత్తివి. పైకి అన్నీ ఒకటే, కాలిస్తే పొగా ఒకటే. రోజూ చేతికందిన పెట్టె తీసి బిగించాలి. పెట్టె నంబరు రాసుకోవాలేగాని, ఏ రోజు ఏది కాల్చారో చివరిదాకా ఎవరికీ తెలియకూడదు. చివర్లో మందు రోజుల వాన, ఉత్తుత్తి రోజుల వాన పక్కపక్కన పెట్టి చూస్తే మందు పనితనం తేలుతుంది.

మొన్న అన్నాల దగ్గర ఆ కాగితం మాటొచ్చింది. బావ మీసం దువ్వాడు.

"అందులో నా చెయ్యీ ఉంది మరదలా. ఉత్తుత్తి పెట్టె కాస్త తేలిక. ఎత్తితే తెలిసిపోతుంది."

"తెలిస్తే?"

"మబ్బు నల్లగా నిండుగా ఉన్నరోజు మందు పెట్టె తీసేవాణ్ణి. వెలిసిపోయిన మబ్బుకి తేలికది. మందు వృథా చేసుకుంటామా?"

"నిండు మబ్బు ఎటూ కురిసేదే కదా బావా! రాలబోయే కాయ మీద రాయి విసిరి, నా గురి చూడండన్నట్టుంది."

అక్క గరిటె ఆపింది. "అంటే పైపులాగింది నీ తెలివివల్లా? రేపట్నుంచి నీళ్లు నువ్వే మొయ్యి. బరువులు నీకు బాగా తెలుస్తాయిగా!"

బావ నవ్వలేదు. "ఊరికి మేలనుకున్నానే" అన్నాడు.

మర్నాడు నాతో మీ ఆఫీసుకొచ్చాడు. ఉద్యోగం పోతుందని తెలిసే వచ్చాడు. మీ పెద్దాఫీసరు అంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఫలితం బాగొచ్చిందిగా, ఇప్పుడెందుకయ్యా కెలకడం?"

"అది మందు చేసింది కాదండీ, నేను ఏరింది."

"నీకు సైన్సు తెలుసా?"

"తెలీదండీ. నేను చేసిన తప్పు తెలుసు."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటాడు ఆఫీసరు. సాయంత్రానికి బావని పనిలోంచి తీసేశారు. గోడమీది కాగితం మాత్రం తియ్యలేదు.

మందు పనిచెయ్యదని నేననడం లేదు. చేస్తుందేమో. మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఆ మాట ఒప్పుకోండి. ఈ లెక్క పారేయండి. పెట్టెలన్నీ ఒకే బరువుండేలా చేయించండి. ఆకాశం వంక చూడనివాళ్లతో చీటీ తీయించి, మళ్లీ కొలవండి. నిజం చెప్పినవాణ్ణి పనిలోకి పిలవండి.

ఆ కొలత తేలడానికి ఏళ్లు పడితే పట్టనివ్వండి. పైపులు మాత్రం దానికోసం ఆగకూడదు. రేపు పొద్దున్నే మెరకవీధిలో తవ్వకం మొదలవ్వాలి. పారలు మాదగ్గరున్నాయి, పైపులు పంపండి.