నిలవని అట్టు

ఆ ఆదివారం పొద్దున గౌరీశ్వరి చేతిలో ఉన్న పెట్టుబడి ఇంతే: ఒక పెనం, గిన్నెడు పిండి, ఆఫీసులో మొరాయిస్తున్న ఒక ప్రోగ్రాం, రేపటిదాకా గడువు. గడువు పెట్టింది ఆఫీసు కాదు, మొగుడు గంగరాజు.

"సోమారం నాటికి ఆ పెట్టెలు నిలబడకపోతే ఉజ్జోగం మానెయ్. ఇంట్లో నీకు సాలినంత పనుంది" అన్నాడు. ఇంట్లో పనుందని అతను ఒప్పుకోవడం పెళ్లయ్యాక అదే మొదలు. ఆ మాటను ఆమె జమ కిందే వేసుకుంది.

పోర్టు దగ్గర ఓడలకి సరుకెక్కించే కంపెనీలో ఆమె పని. ఆ ఏడు, ఎనభై తొమ్మిదిలో, కంపెనీ మౌస్ ఉన్న కంప్యూటర్ కొంది. తెర మీద ఓడ బొమ్మ, పక్కన ఒక బటన్. నొక్కితే ఓడలో ఒక పెట్టె పుట్టాలి, మళ్లీ నొక్కితే ఇంకొకటి. గౌరీశ్వరి రాసిన ప్రోగ్రాంలో పెట్టె ముచ్చటగానే పుట్టేది. రెండోది పుట్టగానే మొదటిది మాయమయ్యేది. "ఇది ఓడా, సైకిలు కేరేజీయా అమ్మాయ్?" అన్నాడు మేనేజరు వీర్రాజు. గోదావరి మనిషి, వెటకారానికి విడిగా జీతం అడగడు.

"గౌరీ, అట్టు" అని ముందుగదిలోంచి కేక.

గంగరాజుకి అట్టు పెనం మీంచి పళ్లెంలోకి దిగాలి. చల్లారితే తోలుముక్కంటాడు. ఆమె తీసుకెళ్లి వేస్తుంది, వంటింట్లోకి తిరిగొచ్చేసరికి పళ్లెం ఖాళీ. మళ్లీ కేక, మళ్లీ అట్టు. పక్కనే అత్తగారు జోగమ్మకీ అదే వరస. అందరిదీ అయ్యాక గిన్నె గీరి తనకొకటి పోసుకుని, పొయ్యి దగ్గరే నిలబడి తినడం గౌరీశ్వరికి అలవాటు.

జోగమ్మ ఖాళీ పళ్లెం పైకెత్తి చూపించింది. "పొద్దుట్నించి పొయ్యికాడ ఏటి సేత్తన్నావే? ఇక్కడ ఒక్క అట్టూ నేదు."

గౌరీశ్వరి ఆ పళ్లేన్ని చూస్తూ ఉండిపోయింది. నిజమే, లేదు. పోయలేదా అంటే పోసింది. పోసినవి ఎక్కడున్నాయంటే చూపించడానికి ఏమీ లేదు. ఊడ్చిన ఇల్లు సాయంత్రానికి ఊడవని ఇల్లవుతుంది, తోమిన గిన్నె మళ్లీ అంటవుతుంది, ఇన్నేళ్ల చాకిరీ అంతా ఒకే పళ్లెంలోకి వెళ్లి ఖాళీ అవుతోంది. మరి ఆ ఓడలో తను చేసిందేమిటి? పుట్టిన ప్రతి పెట్టెనీ ఒకే చోట పెట్టింది. కొత్తది వచ్చి కూర్చుంటే పాతదానికి దిక్కు లేదు. పుట్టించడంలో తప్పు లేదు, దాచడంలోనే ఉంది. పద్మనాభం ఊళ్లో కిరాణా కొట్టు నడిపిన తండ్రి ఎప్పుడూ అనేవాడు, అరలో లేని సరుకు కొట్టులో లేనట్టేనని.

అట్లకాడ పక్కన పెట్టి, ఆమె తనలో తనే నవ్వుకుంది.

"ఎందుకే నవ్వుతావు?" అంది జోగమ్మ.

"ఏటీ నేదత్తా. ఓడ దొరికింది."

సోమవారం ఆమె ప్రోగ్రాంలో అరల వరస కట్టింది. బటన్ నొక్కినప్పుడల్లా పుట్టిన పెట్టె ఆ వరసలో చివర చేరుతుంది, తెర మీద వరసంతా కనబడుతుంది. వీర్రాజు నొక్కాడు. నిలిచింది. మళ్లీ నొక్కాడు. రెండూ నిలిచాయి. సరదా పుట్టి నొక్కుతూనే పోయి, "ఇక చాలు, మునిగిపోద్ది" అని తనే మౌస్ వదిలేశాడు.

మళ్లీ ఆదివారం వచ్చింది.

"గౌరీ, అట్టు."

అట్టు రాలేదు. ఇంకోసారి పిలిచాడు. వంటింట్లోంచి పెనం చప్పుడే వస్తోంది. ఆమె పోసిన ప్రతి అట్టునీ తపేలాలో పేర్చి మూత పెడుతోంది. పిండి అయిపోయాక తపేలా, పచ్చడి, మూడు పళ్లేలు తెచ్చి ముందుగదిలో పెట్టింది.

గంగరాజు ఒకటి తుంచి చూశాడు. "సల్లారిపోనాయి."

"అవును, సల్లారినాయి. కానీ ఉన్నాయి."

జోగమ్మ తపేలాలోకి తొంగి చూసింది. "అమ్మో, ఇన్నేటే? వారం వారం ఇన్ని పోత్తన్నావా?"

గంగరాజు తుంచిన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. గౌరీశ్వరి మూడో పళ్లెంలో తనకి వడ్డించుకుంది.

లెక్క తేలింది. పోయింది కాస్త వేడి. మిగిలింది ఉద్యోగం, పళ్లెంలో మూడు గుండ్రటి అట్లు, చాప మీద అత్తగారు జరిగి ఇచ్చిన జానెడు చోటు.