తొమ్మిది ఫ్రేముల కోసం

మా అన్నను చూస్తే నాకిప్పుడు ఒళ్ళు మండుతుంది. మనిషి చెడ్డవాడేం కాదు. తాగడు, ఎవరి జోలికీ పోడు. అనంతపురంలో ఒక సెల్‌ఫోన్ల షాపులో పని చేసుకుంటాడు, సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తుపాకుల ఆట ఆడుకుంటాడు. ఆడుకోనీ, నాకేం? కానీ ఆ కంప్యూటర్ నాది. ప్రైవేటు స్కూల్లో గొంతు చించుకుని పాఠాలు చెప్పి, నా జీతంతో నేను కొనుక్కున్నది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. నాయన పోయినప్పటి నుంచి ఇంట్లో ఏ వస్తువైనా మా అమ్మ కృపాకుమారి దృష్టిలో మా అన్న భాస్కరుదే.

ఓవర్‌క్లాక్ చేస్తే కంప్యూటర్ వేగం పెరుగుతుందని మా విజయభాస్కర్‌కు ఎవడో వీడియోలో చెప్పాడట. అంటే, ఇంత వేగంతో నడవాలని కంపెనీవాడు పెట్టిన ప్రాసెసర్‌కు కరెంటు కాస్త ఎక్కువిచ్చి, ఇంకా వేగంగా పరిగెత్తించడం. ఆటలో బొమ్మ కదులుతున్నప్పుడు సెకనుకు ఎన్ని ఫ్రేములో, అంటే కంప్యూటర్ ఎన్ని బొమ్మలు గీస్తోందో, తెర మూలన ఒక అంకె కనబడుతుంది. అది తొంభై ఉండేది. మావాడు నిద్ర మాని, తిండి మాని, దాన్ని తొంభై తొమ్మిది చేశాడు. తొమ్మిది! శింగనమల చెరువును తానే నింపినట్టు వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

మాది మిద్దె మీద రేకుల గది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట అందులో మనుషులే ఉండలేరు. ఎక్కువ కరెంటు తాగే కంప్యూటర్ ఉడికిపోక ఏం చేస్తుంది? ఆట మధ్యలో ఠక్కున ఆగిపోయేది. వేగం తగ్గించు అన్నా అంటే వింటేగా! కంప్యూటర్ డబ్బాకు పక్కనున్న మూత ఊడదీసి, మేం పడుకునే చోట ఉండే నీళ్ళ కూలర్‌ను తెచ్చి దాని ముందు పెట్టాడు. మా వీధిలో నీళ్ళకెంత కటకటో మాకే తెలుసు. అలాంటిది మా అమ్మ, డ్రమ్ములో దాచిన బోరునీళ్ళను బిందెతో మోసి మరీ ఆ కూలర్‌లో పోసేది. నన్ను మాత్రం తలస్నానానికి అరబకెట్టుతో సరిపెట్టుకోమనేది. ఆ నీళ్ళలోని ఉప్పంతా గాలితోపాటు ఎగిరి కంప్యూటర్ లోపలి బోర్డు మీద తెల్లగా పేరుకుంది. వేలితో గీరితే సున్నంలా గోటికి అంటింది. అది చూపించినా మా అన్నకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

అప్పుడే బెంగళూరు కంపెనీ ఒకటి నన్ను పరీక్షకు పిలిచింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం, ఇంటి నుంచే చేసుకోవచ్చు. దానికోసం నేను ఎన్నాళ్ళుగా చదువుతున్నానో ఇంట్లో అందరికీ తెలుసు. ఆదివారం మధ్యాహ్నం, ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని రాయాలి. గదిలో చప్పుడు వినబడకూడదు. మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే పరీక్ష అక్కడితో సరి, రెండో అవకాశం ఉండదని ముందే చెప్పారు. ఇదంతా అమ్మకూ అన్నకూ విడమరిచి చెప్పాను.

"అన్నా, ఆ పొద్దు నాకు కూలర్ వేసుకునేకి కుదరదు. దాని చప్పుడుకే తీసేస్తారు. నువ్వు పెంచిందంతా మామూలుకు తెచ్చిపెట్టు, నీకు దండం పెడతా," అన్నాను.

"అట్లేలే సారా. శనివారం చేసి పెడతా."

"నేనే చేసుకుంటాలే."

"నువ్వు ముట్టుకోవద్దు! నేను కష్టపడి పెట్టుకున్నవన్నీ పోతాయి. చేస్తానంటి కదా, ఎన్నిసార్లు చెప్పల్ల?"

శనివారం సాయంత్రం అడిగితే, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "అయిపాయె" అన్నాడు. నమ్మాను. తోడబుట్టినవాడు కదా, నమ్మక ఏం చేస్తాను?

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అమ్మ నా నెత్తిన చేయి పెట్టి ప్రార్థన చేసింది. తలుపేసుకుని, కూలర్ ఆపేసి కూర్చున్నాను. చెమటకు బట్టలు వీపుకు అంటుకుపోయాయి. అయితేనేం, ప్రశ్నలన్నీ నాకు వచ్చినవే! ఒకటి తర్వాత ఒకటి చేసుకుంటూ పోతుంటే లోపల సంతోషం పొంగుకొచ్చింది. ఈ ఉద్యోగం నాదే, ఈ స్కూలు పీడ వదిలిపోతుంది అనుకున్నాను. ఇంకా కొన్ని ప్రశ్నలు మిగిలి ఉండగా తెర నల్లబడింది.

మళ్ళీ ఆన్ చేసి, ఆ పేజీ తెరిచాను. మీ పరీక్ష ముగిసింది, ధన్యవాదాలు అని ఉంది. ధన్యవాదాలట!

నేను అరిచిన అరుపుకు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

"మామూలుకు తెచ్చినా అంటివి కదన్నా!"

అన్న నేల చూపులు చూశాడు. "తెచ్చినా... అంటే, కొంచెం తగ్గించినా. మొత్తం తీయలేదు. రాత్రికి మా టీముకు మ్యాచ్ ఉండాది. మళ్ళా అంతా మొదట్నుంచి పెట్టుకోవాలంటే ఎంత పనో నీకేం తెలుసు?"

"నా బతుకు కన్నా నీ మ్యాచ్ ఎక్కువైపోయిందా?"

"ఇట్లా ఆగిపోతాదని నేనేమన్నా కలగన్నానా?"

అమ్మ మధ్యలో దూరింది. "పోనీలేమ్మా. వాడు కావాలని చేసినాడా యేంది? ప్రభువు నీకు ఇంకో దారి చూపిస్తాడులే."

"ప్రభువు ఈ దారే చూపించినాడమ్మా. నీ కొడుకే మూసేసినాడు!"

నాకు ఏడుపు రాలేదు. కోపం హద్దు దాటితే నాకు చేతులు చల్లబడతాయి, బుర్ర మాత్రం బాగా పనిచేస్తుంది. ఇద్దర్నీ బయటికి పొమ్మన్నాను. వాడు పెంచిందంతా చెరిపేసి, కంపెనీవాడు పెట్టిన వేగానికే తెచ్చాను. ఆట తెరిచి, ఫ్రేముల అంకె కనబడే మూలన గాయాలకు వేసే ప్లాస్టర్ ముక్క అంటించి, వాడిని పిలిచాను.

"కూర్చో అన్నా, ఆడు. ఇది నువ్వు పెంచిన వేగమా, మామూలు వేగమా, నువ్వే చెప్పు."

కాసేపు ఆడేసరికి వాడి ముఖం విప్పారింది. "ఇది నేను పెంచిందే. చూడు, ఎట్లా పోతాందో! మామూలుదైతే ఇట్లా తిరుగుతాదా? నువ్వు యాడ తీసేసినావో అని భయపడితి."

ప్లాస్టర్ పీకేశాను. తొంభై.

వాడు తెర దగ్గరికి వంగి ఆ అంకెను మళ్ళీ చదువుకున్నాడు.

"ఈ తెర సెకనుకు అరవై ఫ్రేముల కంటే ఎక్కువ చూపించలేదన్నా," అన్నాను. "అరవై దాటినాక తొంభై అయినా, తొంభై తొమ్మిదైనా నీ కంటికి తేడా యాడ తెలుస్తాది? మ్యాచ్‌లు ఆడి కప్పులు గెలిచేవాళ్ళ సంగతి నాకు తెలీదు. నీకు మాత్రం పెరిగింది ఆ మూలనున్న అంకె ఒక్కటే. దానికోసం నా ఉద్యోగం పాడు చేసినావు."

వాడు మౌస్‌ను పక్కకు తోశాడు. "షాపులో నేనేం చేసినా ఎవడూ చూడడు సారా. ఇదొక్కటే, నేను చేస్తే పెరిగింది. ఇంక దాన్ని చూస్తే ఆడబుద్ధి కూడా కాదు నాకు. ఎందుకు చెప్పినావు నాకిది?"

ఇంకో రోజైతే నాకు జాలి కలిగేదేమో. ఆ రోజు కలగలేదు. "మరి నా పరీక్ష?" అని అడిగాను.

వాడు కీబోర్డు పక్కన తల వాల్చి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. నా పరీక్షకు కాదు, వాడి తొమ్మిది ఫ్రేములకు.

అమ్మ నన్ను దాటుకుని గదిలోకి వచ్చింది. వాడి పక్కన కూర్చుని, తల ఒడిలోకి తీసుకుని, కొంగుతో కళ్ళు తుడిచింది. "ఊరుకో నాయనా, ఊరుకో భాస్కరూ," అంటూ వీపు నిమిరింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది.

"దేవుని దినం పూట వాన్ని ఇట్లా ఏడిపిస్తివి కదే. ఇప్పుడు నీ కండ్లు చల్లబడినాయా?"