మిర్చి లారీల మధ్య ఆర్గాన్

చిలకలూరిపేట రోడ్డులోని ఒక కాలేజీ లేబొరేటరీలో రాగసుధ ఏళ్ల తరబడి తంటాలు పడి ఒక అయస్కాంతాన్ని తయారుచేసింది. అది ఇనుముతో చేసింది కాదు. కర్బన రసాయనానికి కాస్త వెనేడియం చేర్చి, గాజుపలక మీద సన్నని గీతలుగా దించిన నల్లటి పొర. అందులో ఎలక్ట్రాన్లు బొంగరాల్లా తిరుగుతాయి. ఒకటి ఊగితే పక్కదీ ఊగుతుంది. అలా సాగిపోయే అలనే స్పిన్ తరంగమంటారు. 2006 మార్చిలో ఒక ఉదయం కంప్యూటర్ తెర మీద గీత కిందికి దిగి, ఆ అల జాడ చూపించింది. ఆమె పరిశోధనకి గైడు లక్ష్మీనరసింహం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"ఇంకోసారి కొలవాలమ్మా. ఒక్కసారి వచ్చిందంటే ఎవరూ నమ్మరు."

గాలి తగిలితే ఆ పొర పాడైపోతుంది. అందుకే ఆర్గాన్ వాయువు నింపిన పెట్టెలో ఉంచారు. పెట్టెకి ఎక్కడో లీకు. మర్నాటికి సిలిండర్ అడుగంటింది. విజయవాడ నుంచి కొత్తది తెస్తున్న డ్రైవరు మాబు ఫోన్ చేశాడు.

"మిర్చి యార్డు దగ్గర ఇరుక్కుపోయానమ్మా. ముందూ వెనకా మిర్చి బస్తాల టిక్కీల లారీలే."

ఆటో వెళ్లినంత దూరం వెళ్లి, ఆపైన నడిచింది రాగసుధ. ఘాటుకు దగ్గుతూ మాబు లారీని వెతికి పట్టుకుంది. సిలిండర్ చేతికందేంత దగ్గర్లో ఉంది.

"దించెయ్ మాబూ, ఆటోలో తీసుకెళ్తా."

"నిలువెత్తు ఇనుమమ్మా ఇది! దించినా ఇక్కడికి ఆటో ఎట్టా వస్తది?"

ముందు లారీలో తన మిరపకాయల మీద కూర్చున్న పొదిలి రైతు యలమంద వంగి చూశాడు.

"ఏందమ్మా, ఆక్సిజనా? ఆస్పత్రిలో ఎవరికన్నా ప్రాణం మీదికొచ్చిందా? చెప్పు, అందర్నీ కేకేసి బండ్లు పక్కకి తీయిస్తా."

ఔనంటే చాలు, దారి దొరికేది. ఆమె నోరు తెరిచింది. అతని ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయింది.

"కాదండీ. కాలేజీకి."

"మరింకేం తొందర? మేం నిన్నటి నుంచి ఈడనే పడున్నాం."

అంతలో గైడు ఫోన్.

"సుధా, గ్యాసు అయిపోయిందమ్మా. పలకని సీసాలో పెట్టి బిరడా బిగించాను. నా చేతనైంది అంతే."

పొద్దువాలాక గాని లారీ కాలేజీ చేరలేదు. సీసాలో పొర అప్పటికే పాలిపోయింది, దానిలోంచి అవతలి వెలుతురు కనబడుతోంది. అయినా దాన్ని కొలిచే యంత్రంలో పెట్టింది. తెర మీద గీత ఎక్కడా వంగలేదు.

"రసాయనం మళ్లీ బయటి దేశం నుంచి రావాలి. అదొచ్చేసరికి వానాకాలం అవుతుంది, అప్పటిదాకా ఆశ లేదు," అన్నారాయన. "కట్టెయ్యమ్మా, చాలు."

ఆమె విననట్టే మీట నొక్కి, యంత్రాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపింది.