ఓక్‌బున్ ఊరి మాట

మా డబ్బింగ్ డైరెక్టర్ ఉదయ్ భాస్కర్ గారు పంపిన షీట్లో ఆ గడిని మూడుసార్లు చదివాను. "రెండో సీజన్ మూడో ఎపిసోడ్ నుంచి ఓక్‌బున్ తెలంగాణ యాసలో మాట్లాడాలి. రఫ్‌గా, భయం పుట్టేలా."

ఓక్‌బున్ ఎవరో చెప్పాలి. మేం డబ్బింగ్ చేస్తున్న, నేను తెలుగు మాటలు రాస్తున్న కొరియా సీరియల్లో ఆమె ఆసుపత్రి వంటమనిషి. మనుషులు ఒక్కొక్కరే రాక్షసులుగా మారిపోయే కథ అది. మొదటి సీజన్లో ఆమె నలుగురు అనాథ పిల్లలను వంటగదిలో దాచి కాపాడుతుంది. రెండో సీజన్లో తనే రాక్షసిగా మారుతుంది. అంటే మనిషిగా ఉన్నన్నాళ్ళూ పుస్తకంలా మాట్లాడిన ముసలావిడ, ఒంటినిండా కొమ్ములు మొలిచాక మా అమ్మలా మాట్లాడాలన్నమాట.

నాకు ఒళ్ళు మండింది.

"రాక్షసికే ఎందుకండీ తెలంగాణ?" అని వెళ్ళి అడిగాను. ఆఫీసులో నేనూ అండీ అనే అంటాను. హైటెక్ సిటీలో ఏడో అంతస్తులో ఉన్న ఈ డబ్బింగ్ స్టూడియోలో చేరిన మూడేళ్ళుగా, ఇంటి మాటను మూసాపేట మెట్రో స్టేషన్లోనే వదిలేసి వస్తున్నాను.

"ఆడియన్స్‌కి తేడా తెలియాలి కదమ్మా," అన్నారాయన నవ్వుతూ. "పైగా రాక్షసికి పెదాలుండవు. పెదాల కదలికకు మాట కుదర్చక్కర్లేదు, నీ ఇష్టమొచ్చినంత రాసుకోవచ్చు. అటువైపు అమ్మాయివనే కదా, ఏరి కోరి నీకిచ్చాను."

ఆయన చెడ్డవారు కాదు. అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని కేకు తెప్పిస్తారు. అందుకే నాకు ఇంకా మంటగా అనిపించింది. కానీ ఏం లాభం, నోరు మూసుకుని రాశాను. "ఏయ్ పోరగాండ్లూ, యాడికి ఉర్కుతున్నర్రా!" అని పళ్ళు నూరే రాక్షసిని రాశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిన్నాక లాప్‌టాప్‌లో ఆ సీనుకు ముందు, ఓక్‌బున్ ఇంకా మనిషిగా ఉన్న ఎపిసోడ్ పెట్టుకున్నాను. మామూలుగా మేం ఇంగ్లిష్ స్క్రిప్టు చూసి రాస్తాం, కొరియా గొంతులు తగ్గించేస్తాం. ఆ రోజు అమ్మ పక్కన కూర్చుంది కాబట్టి గొంతులు పెంచాను. మా అమ్మ మార్తమ్మ ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైంది.

కాసేపు చూసి, "గీమె మన తీరు మనిషే," అంది.

"కొరియా భాషమ్మా అది. నీకేం సమజైతది?"

"భాష సమజ్ గాలే. గీమె నోరు తెరిస్తే పక్కన డాక్టరమ్మ మూతి చూడు, ఎట్ల వంకర వెడ్తున్నదో. నేను మాట్లాడితే గూడ గట్లనే వెట్టేటోళ్ళు. పేషెంట్ల ముందట నువ్వు మాట్లాడకు మార్తమ్మా అని దవాఖానల ఎన్నిసార్లన్నరో."

ఈ సంగతి ఆమె నాకెప్పుడూ చెప్పలేదు. ఇప్పుడూ ఏడుస్తూ చెప్పలేదు, కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పింది.

నేను అసలు స్క్రిప్టు ఫైలు తెరిచాను. బ్రాకెట్లలో ఉండేవి మైకులోకి వెళ్ళవు కాబట్టి, పని మొదలుపెట్టే ముందే అన్నీ ఒక్క దెబ్బకు తీసేస్తాం. మూడో ఎపిసోడ్లో ఓక్‌బున్ మాట పక్కన బ్రాకెట్లో ఇలా ఉంది: ఎప్పటిలాగే తన ఊరి మాటలో. ఆ గొంతు విని పిల్లలు ఆమెను గుర్తుపడతారు.

మొదటి సీజన్ ఫైలు కూడా తీశాను. మొదటి సీన్లోనే ఉంది. తన ఊరి మాటలో. దాన్ని కొట్టేసింది నేనే. ఓక్‌బున్‌కు పుస్తకం భాష రాసిందీ నేనే. ఉదయ్ భాస్కర్ గారిని తిట్టుకోవడం తేలిక. ఆ పని ఆయనకంటే ముందు నేను చేశాను. సిగ్గేసింది.

రాక్షసి మాటలు కొత్తగా రాసి, నా ఫోన్లో రికార్డింగ్ నొక్కి అమ్మ ముందు పెట్టాను. "అమ్మా, గీ నాలుగు ముక్కలు చదువు. పిల్లలు నిన్ను జూసి భయపడ్డరనుకో."

సోమవారం పొద్దున భ్రమరాంబగారు అప్పటికే అద్దాల గదిలో మైకు ముందు ఉన్నారు. ఓక్‌బున్‌కు మొదటినుంచీ ఆవిడదే గొంతు. కాకినాడ ఆవిడ, నల్లగండ్లలో ఉంటారు. నేను కొత్త పేజీలు ఉదయ్ భాస్కర్ గారి ముందు పెట్టాను.

"సార్, ఆమె మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ సంది గిట్లనే మాట్లాడాలె. మనిషైనా గిట్లనే, రాక్షసైనా గిట్లనే."

నా మాట విని ఆయన తలెత్తారు. మూడేళ్ళలో నా నోట ఆయన విన్న మొదటి నిజమైన మాట అది.

"ఫస్ట్ సీజన్ ఏం చేద్దాం మరి? అందరూ చూసేశారు."

"మళ్ళ రికార్డ్ జేద్దాం. తప్పు నాది. సీరియల్ ఇచ్చిన క్లయింటుకు పొద్దుగాలనే మెయిల్ వెట్టిన."

ఆయన ముఖం ఎర్రబడింది. "నన్ను దాటి క్లయింట్‌కి రాశావా? రేపట్నుంచి రావద్దు నువ్వు."

"రాను. గాని సార్, ఇన్నేండ్లు మా మాట దొంగలకు వెట్టిండ్రు, తాగుబోతులకు వెట్టిండ్రు. ఇగ రాక్షసులకు గూడనా? గా పిల్లలు ఆమెను గొంతు వట్టే గుర్తు వడ్తరు. గొంతే మారిస్తే ఆమె దగ్గరికి ఎవరొస్తరు?"

మా వైపు మైకు తెరిచే ఉంది. లోపలినుంచి భ్రమరాంబగారి గొంతు స్పీకర్లో వినిపించింది.

"ఉదయ్ గారూ, పాత పేజీ నేను చదవనండి. చదివితే ఆ పిల్లలు నా దగ్గరికి రారు. అమ్మాయ్, పైలట్ వేయమ్మా."

పైలట్ అంటే ఆర్టిస్టుకు దారి తెలియడానికి ముందుగా చదివిపెట్టే నమూనా. నేను అమ్మ గొంతు వేశాను.

"ఉర్కకుండ్రి బిడ్డా. నేనే. తిన్నరా? జర దగ్గరికి రండ్రి, తిన్నరా?"

భ్రమరాంబగారు రెండుసార్లు మళ్ళీ వేయించుకున్నారు. మూడోసారి తానే అన్నారు. మాట వచ్చింది కానీ బెదిరించినట్టు వచ్చింది.

"గట్ల గాదమ్మా," అన్నాను. "అన్నం వెట్టనీకి పిలిచినట్టు."

ఉదయ్ భాస్కర్ గారు రికార్డ్ బటన్ నొక్కారు. సాయంత్రం నా ఐడీ కార్డు కూడా తీసుకున్నారు. ఇచ్చేశాను. ఇంటికి వచ్చేటప్పుడు మెట్రోలో నిలబడి, అమ్మతో ఫోన్లో, పక్కవాళ్ళంతా తిరిగి చూసేంత గట్టిగా మా మాటలోనే మాట్లాడాను.

క్లయింటు ఒప్పుకున్నట్టుంది, రెండు నెలలకు మొదటి సీజన్ కొత్త మాటతో, దాని వెనకే రెండోది వచ్చాయి. చివర్లో పేర్లు పడ్డప్పుడు నా పేరు లేదు. పోతే పోనీ. తెరమీద కొమ్ముల ఓక్‌బున్‌ను చూసి నలుగురు పిల్లలూ గోడకు అంటుకుపోయారు. ఆమె "తిన్నరా బిడ్డా?" అంది. అందరికంటే చిన్నది ఒక్క క్షణం ఆగి, పరుగెత్తుకుంటూ వెళ్ళి ఆ కొమ్ముల మధ్య దూరిపోయింది.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"గుర్తు వట్టిండ్రు," అంది.