హెరాక్లెస్ చుట్టకుదురు

తెల్లారితే ఏథెన్స్ కుమ్మరివాడలో ఎవరి పని వాళ్ళదే. ఫానెస్ సారె తిప్పుతాడు, అతని పెళ్ళాం మిక్కా కుండలమీద బొమ్మలేస్తుంది. ఆమె గీసిన బొమ్మలు ఆవంలో కాలాయంటే చాలు, పనికి దిగుతాయి. గిన్నెమీది కోడి వేళకి కూస్తుంది. పక్కింటివాళ్ళ కూజామీద జలకన్యలున్నారు గనక వాళ్ళకి నీళ్ళ కరువే లేదు. దానికి నోరెళ్ళబెట్టే తీరిక ఆ వాడలో ఎవరికుంది?

చిక్కల్లా ఆవంతోనే. దాని గుమ్మటం పగిలి మూడు నెలలైంది. సరుకెక్కించుకునే ఓడ వారంలో బయల్దేరుతుంది. ఈ ఒక్కసారికీ కానిచ్చేద్దామని ఫానెస్ పగుళ్ళకి మట్టి మెత్తాడు. కాలిన కుండల్ని లోపలికి పాకి తీయాల్సిందీ అతనే. అతను లోపలుండగా గుమ్మటం కూలితే? మిక్కా భయమదే.

అందుకే పెద్ద జాడీమీద ఆమె ఆకాశం మోస్తున్న వీరుడు హెరాక్లెస్‌ని గీసింది.

"ఏమే, బేరగాడు సింహంతో కుస్తీ వెయ్యమంటే ఇదేంటి? పైగా భుజాలమీద, కడవకింద పెట్టుకునే చుట్టకుదురొకటి!" అన్నాడు ఫానెస్.

"బరువు మోసేవాడికి ఉండొద్దా?"

"కథ తెలీదా నీకు? ఆకాశం మోసే అట్లాస్ దాన్ని ఇతని నెత్తిన పడేసి జారుకోబోయాడు. 'చుట్టకుదురు పెట్టుకుంటా, కాస్త పట్టుకో' అని ఇతను దాన్ని మళ్ళీ వాడికే అంటగట్టి చక్కాపోయాడు. అదంతా వంకేనే, పిచ్చిదానా!"

"కడవెత్తని మగాళ్ళు చెప్పిన కథే అది. మీ అమ్మనడుగు."

మూలన ఉల్లిపాయలు ఒలుస్తున్న అత్త బోసినోటితో నవ్వింది. "కుదురు మందంగా గియ్యవే అమ్మాయ్," అంది.

ఆవం చల్లారాక ఫానెస్ లోపలికి పాకాడు. సగం కుండలు బయటికొచ్చాయో లేదో, గుమ్మటం ఫెళ్ళుమని కుంగింది. మిక్కా కేకపెట్టి, దుమ్ములోకి చేతులు దూర్చి పెళ్ళలు లాగిపారేసింది. లోపల్నించి దగ్గు వినిపించింది. కాసేపటికి ఫానెస్ మసికొట్టుకుపోయి పాక్కుంటూ వచ్చాడు. వస్తూనే ఆమెని వాటేసుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు.

తొంగిచూస్తే, గుమ్మటమంతా ఆ జాడీ మూతిమీద ఆగి ఉంది. బొమ్మలో హెరాక్లెస్ మోకాళ్ళు వంగాయి. చుట్టకుదురు రొట్టెలా అణిగిపోయింది.

ఆ జాడీని ఎవరూ కదపలేదు. కొత్త ఆవం పక్కన కట్టుకున్నారు.

ఇప్పుడు తెల్లారితే ఫానెస్ ముందు సారె దగ్గరికి పోడు. వాళ్ళమ్మ పాత చుట్టకుదురు నెత్తిన పెట్టుకుని బావికెళ్ళి ఇంటికి నీళ్ళు మోసుకొస్తాడు. బావి దగ్గర ఆడవాళ్ళు పకపకా నవ్వుతారు.

"నెత్తిన అదేంటి ఫానెస్, కిరీటమా?"

"నవ్వండమ్మా, నవ్వండి," అంటాడతను, కడవ సర్దుకుంటూ. "ఇది వంక మాత్రం కాదు."