చెవిలో చెప్పిన మ్యాట్నీ

మా అత్తయ్యకీ నాకూ ఇంట్లో క్షణం పడదు. కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఆరేసిన దుప్పటి దాకా అన్నిటికీ తగువే. శనివారం మ్యాట్నీకి మాత్రం ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయల్దేరేవాళ్ళం. పదకొండేళ్ళు అదే హాలు, అవే సీట్లు. అలాంటిది అత్తయ్య తన చూపు పోయాక ఏడాదిపాటు హాలు మాటెత్తితే చాలు, మొహం తిప్పేసుకునేది.

"గుడ్డిదానికి సినిమా ఏంటే? నలుగురూ నవ్వుతారు."

"నవ్వితే నవ్వనివ్వండి, మనకేం పోయింది? నేను చెప్తుంటా, మీరు వినండి" అని చీర మార్పించి మరీ లాక్కుపోయాను. నా మొండితనం నాది. ఇవాళ మధ్యలో లేచొచ్చేసిందంటే మళ్ళీ జన్మలో గడప దాటదని నాకు తెలుసు.

లైట్లు ఆరాయి. చెవిలో గుసగుసగా మొదలుపెట్టాను. "వాన పడుతోంది. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుంది. నీలం చీర."

"ఏ నీలం?"

"మీరు నాకివ్వనన్నారే, ఆ నీలం."

ముందు సీట్లోని మా వీధి టైలరు వెనక్కి తిరిగాడు. ఈయన విసుక్కుంటే అత్తయ్య లేచిపోవడం ఖాయం.

"అది నీలం కాదమ్మా, నెమలికంఠం రంగు" అని సరిదిద్ది ఆయన మళ్ళీ తెర వైపు తిరిగాడు. అత్తయ్య కిసుక్కున నవ్వింది. ఏడాదయింది ఆ నవ్వు విని.

చిక్కంతా చివర్లో వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఆ పిల్ల కన్నుమూసింది. తల్లి దుప్పటి సర్దుతోంది. పాటా లేదు, మాటా లేదు. ఇప్పుడిప్పుడే నవ్విన మనిషికి చావు కబురు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"కళ్ళు తెరిచింది అత్తయ్యా. వాళ్ళమ్మ తల నిమురుతోంది" అనేశాను.

అత్తయ్య తల పక్కకి వాల్చి హాలు వైపు చెవి పెట్టింది.

"ఎప్పుడు పోయింది?" అంది మెల్లగా.

"మీకెలా తెలిసింది?" అన్నాను.

"ఒక్క కుర్చీ కిర్రుమనలేదు. నమిలేవాళ్ళు నమలడం మానేశారు. ఇంతమంది ఊపిరి బిగబట్టి కూర్చుంటే, నువ్వొక్కదానివే దాన్ని బతికిస్తావా?"

అప్పుడు విన్నాను నేను. పదకొండేళ్ళు వచ్చానే గానీ ఎన్నడూ వినలేదు. ముక్కూ మొహం తెలియని మూడొందల మంది చీకట్లో ఒక్క మనిషిలా మౌనంగా ఉన్నారు. అంత మౌనం మధ్య నేను కూర్చున్నానా అని ఆశ్చర్యం వేసింది. చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

"అందరితోపాటు నన్నూ ఏడవనీవే" అంది అత్తయ్య. "నన్నొక్కదాన్నే బయట కూర్చోబెట్టకు."

చెప్పాను. ఆ తల్లి దుప్పటి ఎలా సర్దిందో, వేళ్ళు ఎక్కడ ఆగాయో, అన్నీ చెప్పాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని హాలంతటితో కలిసి ఏడ్చింది. ఏడుపొచ్చి నేను ఆగినప్పుడల్లా, చెప్పమని మోచేత్తో పొడుస్తూనే ఉంది.